కంప్యూటరు మెమొరీని పూర్తిగా గుర్తించకపోవడం

కంప్యూటరులో అమర్చిన ర్యామ్ పరిమాణం కంటే తక్కువ పరిమాణం తెరపై కనిపించే స్థితిని మెమొరీని పూర్తిగా గుర్తించకపోవడం అంటారు. 4 జీబీ అమర్చినచోట 3.25 జీబీ కనిపించడం, రెండు 1 జీబీ కార్డులు పెట్టినచోట 1 జీబీ మాత్రమే కనిపించడం ఇందుకు సాధారణ ఉదాహరణలు. చాలామంది దీనిని ర్యామ్ చెడిపోయినదనడానికి గుర్తుగా భావిస్తారు. వాస్తవానికి ర్యామ్ చెడిపోయినపుడు కంప్యూటరు అసలు మొదలుకాకపోవడం, బీప్ శబ్దాలు రావడం, పని మధ్యలో నీలితెర పడడం ఎక్కువగా జరుగుతాయి. పరిమాణం ఒక్కటే తగ్గి మిగిలినదంతా సవ్యంగా నడుస్తూ ఉంటే కారణం సాధారణంగా మరొకచోట ఉంటుంది. అది ఏ దశలో ఉన్నదో తేలకముందే కొత్త ర్యామ్ కొనడం వల్ల తరచుగా డబ్బు వృథా అవుతుంది.

జిల్లా పట్టణాలలో పరిస్థితి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు మూడూ 2016 అక్టోబరు 11 వరకు నల్గొండ జిల్లాలో ఉండేవి. ఆనాటి పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట కొత్త జిల్లాకు కేంద్రమైనది, కోదాడ అందులో చేరినది, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే మిగిలినది. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (పూర్వపు 9, ప్రస్తుతం 65) మీద ఉన్నాయి. ఈ పట్టణాలలో డీటీపీ కేంద్రాలు, బియ్యం మిల్లుల కార్యాలయాలు, కళాశాలలు, దుకాణాలలో పేరున్న కంపెనీల కంప్యూటర్లతో పాటు విడిభాగాలు కూర్చి తయారుచేసిన అసెంబుల్డ్ కంప్యూటర్లు కూడా విరివిగా వాడుకలోకి వచ్చాయి.

ఇటువంటి కంప్యూటర్లకు విడిభాగాల కోసం తెలంగాణ జిల్లాలవారు వెళ్ళే ప్రసిద్ధమైన చోటు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, వాడుకలో సీటీసీ. హైదరాబాదు నుండి సూర్యాపేట సుమారు 135 కి.మీ., మిర్యాలగూడ సుమారు 150 కి.మీ., కోదాడ సుమారు 180 కి.మీ. దూరంలో ఉన్నాయి. కోదాడ వారికి విజయవాడ ఇంకా దగ్గర. ఏదేమైనా తప్పుడు రకం ర్యామ్ కొని తెచ్చుకుంటే దానిని మార్చుకోవడానికి ఒక రోజు పని, రానుపోను బస్సు ఖర్చు పోతాయి. అందువల్ల ఇంటివద్ద పది నిమిషాలు వెచ్చించి చేసే పరీక్షకు నగరంలో కంటే ఇక్కడ విలువ ఎక్కువ.

మెమొరీ లెక్క ఎలా జరుగుతుంది

కంప్యూటరు మీట నొక్కగానే మొదట పనిచేసేది మదర్‌బోర్డు మీది బయోస్. ప్రతి ర్యామ్ కార్డు మీద ఉండే ఒక చిన్న చిప్‌లో ఆ కార్డు పరిమాణం, వేగం, అమరిక రాసి ఉంటాయి. బయోస్ దీనిని చదివి, మెమొరీని సిద్ధం చేసి, ఏ చిరునామా నుండి ఏ చిరునామా వరకు ర్యామ్ ఉన్నదో, ఏ భాగం ఇతర పరికరాలకు కేటాయించబడినదో తెలిపే ఒక పట్టికను తయారుచేస్తుంది. విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టములు ఈ పట్టికను తీసుకుని, తమ పరిమితికి లోబడి, అందులో వాడుకోగలిగినంత వాడుకుంటాయి.

కాబట్టి చూడవలసిన అంకెలు రెండు. ఒకటి బయోస్ చూపే అంకె, రెండవది ఆపరేటింగ్ సిస్టము చూపే అంకె. కంప్యూటరు మొదలవుతున్నపుడు డిలీట్ లేదా ఎఫ్2 మీట నొక్కితే (కంపెనీని బట్టి ఇది మారుతుంది) బయోస్ తెర వస్తుంది. అక్కడే మెమొరీ తక్కువగా ఉంటే లోపం కార్డులో, స్లాటులో, మదర్‌బోర్డు పరిమితిలో, లేదా ప్రాసెసరు సాకెట్టులో ఉంటుంది. అక్కడ పూర్తిగా ఉండి విండోస్‌లో తగ్గితే స్క్రూడ్రైవరు ముట్టుకోవలసిన అవసరం దాదాపుగా రాదు.

32 బిట్ పరిమితి

బయోస్‌లో 4 జీబీ ఉండి విండోస్‌లో 3 నుండి 3.5 జీబీ మధ్య కనిపించడం ఈ సమస్యలన్నిటిలో ప్రసిద్ధమైనది. 32 బిట్ల చిరునామాతో 2 యొక్క 32వ ఘాతం, అనగా 4,29,49,67,296 బైట్లను మాత్రమే సూచించవచ్చు. ఇది సరిగ్గా 4 జీబీ. అయితే ఈ చిరునామాలు ర్యామ్‌కు మాత్రమే చెందినవి కావు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, బయోస్ చిప్ మొదలైనవి కూడా అదే వరుసలో చివరి భాగాన్ని ఆక్రమిస్తాయి. వంద ఇంటి నంబర్లు ఉన్న వీధిలో చివరి ఇరవై నంబర్లు కార్యాలయాలకు ఇచ్చివేస్తే, వంద ఇళ్ళు కట్టినా ఎనభైకి మాత్రమే ఉత్తరాలు చేరినట్లుగా, ఆ భాగంలోని ర్యామ్ ఉండి కూడా అందకుండా పోతుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొత్తగా పెట్టగానే ర్యామ్ మరికొంత తగ్గినట్లు కనిపించడానికి కారణం ఇదే.

1995లో వచ్చిన పెంటియం ప్రో నుండి ఇంటెల్ ప్రాసెసర్లలో 36 బిట్ల చిరునామాకు వీలు కల్పించే పీఏఈ అనే ఏర్పాటు ఉన్నది. దానితో 64 జీబీ వరకు అందుకోవచ్చు. అయినప్పటికీ మైక్రోసాఫ్ట్ సాధారణ వినియోగదారుల 32 బిట్ విండోస్‌లను 4 జీబీ చిరునామాలకే కట్టివేసినది. అంతకు పైనున్న చిరునామాలతో అనేక పరికరాల డ్రైవర్లు సరిగా పనిచేయకపోవడం ఇందుకు చెప్పబడిన కారణం. ఎక్స్‌పీ, విస్టా, 7, 8, 10 ల 32 బిట్ రూపాలు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. 2021లో వచ్చిన విండోస్ 11 కు 32 బిట్ రూపమే లేదు. 32 బిట్ లినక్స్ మాత్రం పీఏఈ ఉన్న కెర్నెల్‌తో 4 జీబీ దాటి వాడుకోగలదు.

ఒక చిన్న గందరగోళం కూడా ఇక్కడ ఉన్నది. ఎక్స్‌పీ వాడుకోదగిన మెమొరీని మాత్రమే చూపేది. విస్టా సర్వీస్ ప్యాక్ 1 నుండి అమర్చిన మెమొరీని చూపడం మొదలైనది. దీనితో సర్వీస్ ప్యాక్ వేయగానే పోయిన ర్యామ్ తిరిగి వచ్చినదని పలువురు అనుకున్నారు. నిజానికి మారినది అంకె ఒక్కటే. విండోస్ 7లో రెండు అంకెలనూ పక్కపక్కనే చూపి ఈ సందేహాన్ని తీర్చారు.

64 బిట్‌కు మారేముందు

పై సమస్యకు సూటియైన పరిష్కారం 64 బిట్ ఆపరేటింగ్ సిస్టము. 32 బిట్ విండోస్ నుండి 64 బిట్‌కు ఉన్నదాని మీదనే మారే వీలు లేదు, తిరిగి కొత్తగా స్థాపించవలసినదే. తెలుగు డీటీపీ కేంద్రాలకు అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. యూనికోడ్‌కు ముందు నుండి వాడుకలో ఉన్న అను వంటి ఖతులతో కూర్చిన పేజ్‌మేకర్ దస్త్రాలలో ఉండేది నిజమైన తెలుగు అక్షరాల సంకేతాలు కావు, ఆ ఖతికి మాత్రమే పరిమితమైన సంకేతాలు. ఖతి లేనిచో పెళ్ళిపత్రిక, కరపత్రం, పాఠ్యపుస్తకం ఏదైనా అర్థంకాని రోమన్ అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. ఖతులు సాధారణంగా సి డ్రైవులోని విండోస్ ఫోల్డరులో ఉంటాయి. దస్త్రాలు డి డ్రైవులో భద్రంగా ఉన్నాయన్న ధీమాతో సి డ్రైవును ఫార్మాట్ చేస్తే ఖతులు పోయి, ఏళ్ళ తరబడి చేసిన పని చదవరానిదవుతుంది. అందుచేత ఖతుల ఫోల్డరును, కీబోర్డు ప్రోగ్రాము స్థాపన డిస్కును ముందుగా వేరే డిస్కులోకి నకలు చేసుకోవాలి.

64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. డాస్ కాలపు ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న లెక్కల ప్రోగ్రాము మీదనే వ్యాపారం నడుపుతున్నవారు ఇది గమనించాలి. 32 బిట్ డ్రైవర్లు కూడా పనిచేయవు కనుక పాత ప్రింటరు, స్కానరులకు, పాత తెలుగు కీబోర్డు ప్రోగ్రాములకు 64 బిట్ రూపం దొరుకుతుందో లేదో ముందే పరీక్షించుకోవాలి. ముప్పావు జీబీ ర్యామ్ కోసం పనిచేస్తున్న ప్రింటరును వదులుకోవడం లాభసాటి బేరం కాదు. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నదున్నట్లు ఉంచి, కొత్త పనులకు వేరొక కంప్యూటరును వాడుకోవడం మేలు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనూ, విండోస్ 7కు 2020 జనవరిలోనూ, విండోస్ 10కి 2025 అక్టోబరులోనూ మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది.

ఆపరేటింగ్ సిస్టములో ఇతర కారణాలు

64 బిట్ అయినంత మాత్రాన పరిమితి ఉండదని కాదు. విండోస్ 7 హోమ్ బేసిక్ 8 జీబీని, హోమ్ ప్రీమియం 16 జీబీని మాత్రమే వాడుకుంటాయి. స్టార్టర్ రూపానికి 2 జీబీయే పరిమితి. ఎంఎస్‌కాన్ఫిగ్ అనే పనిముట్టులో బూట్ విభాగం కింద అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మాక్సిమమ్ మెమొరీ అనే గడి ఉన్నది. అక్కడ పెద్ద అంకె వేస్తే వేగం పెరుగుతుందని కొందరు నమ్ముతారు. ఆ గడి ఉన్నది మెమొరీని తగ్గించడానికే తప్ప పెంచడానికి కాదు. అందులో టిక్కు ఉంటే తీసివేసి కంప్యూటరును తిరిగి మొదలుపెట్టాలి.

గ్రాఫిక్స్ వాటా

వేరే గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో తెర బొమ్మకు కావలసిన మెమొరీ ర్యామ్ నుండే తీయబడుతుంది. 256 ఎంబీ ఉన్న పాత యంత్రంలో 248 లేదా 224 ఎంబీ కనిపించడం దీని ఫలితమే. నేటికీ కొన్ని ఏఎండీ రైజెన్ ల్యాప్‌టాప్‌లలో 8 జీబీకి గాను సుమారు 5.9 జీబీయే వాడుకోదగినట్లు కనిపిస్తుంది, 2 జీబీని గ్రాఫిక్స్ కోసం బయోస్ పక్కన పెట్టడం వలన. బయోస్‌లో ఈ వాటాను తగ్గించే వీలు కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. విండోస్‌లోని రిసోర్స్ మానిటరు ఈ విధంగా పోయిన మెమొరీని హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అనే పేరుతో వేరుగా చూపుతుంది.

మదర్‌బోర్డు పరిమితులు

పాత బోర్డులలో చిప్‌సెట్ పరిమితే అసలు హద్దు. ఇంటెల్ 810, 815 చిప్‌సెట్లు 512 ఎంబీ దాటి తీసుకోవు. జి31 గరిష్ఠంగా 4 జీబీ తీసుకుంటుంది. 945 చిప్‌సెట్ విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది: 4 జీబీ పెట్టినా, 64 బిట్ విండోస్ వేసినా 3.2 జీబీ ప్రాంతంలోనే ఆగిపోతుంది. పరికరాలు ఆక్రమించిన చిరునామాల కింది ర్యామ్‌ను 4 జీబీ పైకి తరలించే ఏర్పాటు అందులో లేకపోవడమే కారణం. ఆ ఏర్పాటు ఉన్న బోర్డులలో బయోస్‌లో మెమొరీ రీమ్యాప్ అనే పేరుతో ఒక ఎంపిక ఉంటుంది. 64 బిట్ వేసిన తరువాత కూడా మెమొరీ తగ్గితే మొదట దీనినే చూడాలి.

మొత్తం పరిమాణం హద్దులో ఉన్నా కార్డు మీది ఒక్కొక్క చిప్ సాంద్రత హద్దు దాటవచ్చు. 440బీఎక్స్ బోర్డులలో ఎనిమిది పెద్ద చిప్‌లు ఉన్న 256 ఎంబీ కార్డు 128 ఎంబీగా కనిపించేది. పదహారు చిన్న చిప్‌లు ఉన్నదైతే పూర్తిగా కనిపించేది. సగం మాత్రమే కనిపించడం ఈ లోపానికి ఆనవాలు. చవకగా అమ్మే కొన్ని 4 జీబీ డీడీఆర్2 కార్డులు ఏఎండీ బోర్డులలో మాత్రమే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డులలో పనిచేయవు. డీడీఆర్2, డీడీఆర్3 స్లాట్లు రెండూ ఉన్న బోర్డులలో ఒకేసారి రెండు రకాలూ పెట్టరాదు.

స్లాట్లు, పిన్నులు, దుమ్ము

రెండు కార్డులలో ఒకటి అసలు కనిపించకపోతే అత్యంత సాధారణమైన కారణం అది స్లాటులో పూర్తిగా దిగకపోవడం, లేదా దాని బంగారు పూత అంచుకు మురికి పట్టడం. వీధి దుమ్ము, మిల్లుల పరిసరాలలోని పొట్టు ధూళి క్యాబినెట్టులోనికి సులభంగా చేరతాయి. శుభ్రపరిచేటపుడు విద్యుత్ తీగను పూర్తిగా ఊడదీసి, మీటను ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, చేతిని క్యాబినెట్టు ఇనుప భాగానికి తాకించి స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి. అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవడం ఉత్తమం. మెకానిక్కులు ఎక్కువగా వాడేది పెన్సిలు రబ్బరు. మెత్తని తెల్ల రబ్బరుతో మృదువుగా తుడిస్తే నష్టం లేదు గాని, గరుకుగా ఉండే సిరా రబ్బరు పూతను గీరివేస్తుంది. రబ్బరు పొట్టు స్లాటులో పడితే మొదటి లోపం స్థానంలో రెండవది వచ్చి చేరుతుంది. కార్డును తిరిగి పెట్టేటపుడు రెండు వైపులా క్లిప్పులు వాటంతట అవే మూసుకోవాలి.

ఏఎండీ 2003 నుండి, ఇంటెల్ 2008 నుండి మెమొరీ నియంత్రణను ప్రాసెసరులోనే పెట్టాయి. అందువల్ల ఇటువంటి యంత్రాలలో ప్రాసెసరునో, దాని ఫ్యానునో తీసి పెట్టిన తరువాత సగం ర్యామ్ మాయమైతే సాకెట్టులోని పిన్ను వంగి ఉండవచ్చు, లేదా ఫ్యాను ఒకవైపు ఎక్కువగా బిగిసి ఉండవచ్చు. తరచుగా కరెంటు పోవడం వలన ర్యామ్ పరిమాణం తగ్గినదని చెప్పడం వాడుకలో ఉన్నది. హఠాత్తుగా కరెంటు పోయినపుడు దెబ్బతినేవి ప్రధానంగా తెరచి ఉన్న దస్త్రాలు, హార్డ్‌డిస్కు. మెమొరీ లెక్క తగ్గడానికి దానిని కారణంగా చూపేవారు సాధారణంగా స్లాటును పరీక్షించి ఉండరు.

పరీక్షించే క్రమం

మొదట బయోస్ అంకెను, తరువాత విండోస్ అంకెను కాగితం మీద రాసుకోవాలి. బయోస్‌లో తక్కువ ఉంటే ఒక్క కార్డునే ఉంచి, దానిని ప్రతి స్లాటులోనూ మార్చి చూడాలి. తరువాత రెండవ కార్డుతో ఇదే చేయాలి. ఏ స్లాటులో పెట్టినా ఒకే కార్డు కనిపించకపోతే లోపం కార్డుది, లేదా అది ఆ బోర్డుకు సరిపోని రకం. ఏ కార్డు పెట్టినా ఒకే స్లాటు పనిచేయకపోతే లోపం బోర్డుది. అన్నీ విడిగా పనిచేసి కలిపి పెట్టినపుడు మాత్రమే తగ్గితే పరిమితినిగాని, కార్డుల పొత్తునుగాని అనుమానించాలి.

విండోస్‌ను అనుమానించవలసి వస్తే దానిని తీసివేయనవసరం లేదు. 64 బిట్ లినక్స్ లైవ్ సీడీతో గాని, పెన్‌డ్రైవుతో గాని కంప్యూటరును మొదలుపెట్టి ఫ్రీ అనే ఆదేశం ఇస్తే అది చూడగలిగిన మెమొరీ తెలుస్తుంది. హార్డ్‌డిస్కు మీద ఏమీ రాయబడదు. (ప్రాసెసరు 64 బిట్ కానిచో ఈ సీడీ మొదలుకాదు, అదీ ఒక సమాచారమే.) మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాము కనిపిస్తున్న మెమొరీలోని తప్పులను వెదుకుతుంది. కనిపించని మెమొరీ గురించి అది ఏమీ చెప్పలేదు.

కొనుగోలుకు వెళ్ళేటపుడు బోర్డు మీద ముద్రించిన మోడల్ సంఖ్యను, ఉన్న కార్డు స్టిక్కరు మీది వివరాలను రాసుకుని వెళ్ళాలి. వీలైతే పాత కార్డునే తీసుకువెళ్ళడం మంచిది. డీడీఆర్2, డీడీఆర్3 కార్డులు రెండింటికీ 240 పిన్నులే ఉన్నా గాడి స్థానం వేరు, విద్యుత్ పీడనం కూడా వేరు (1.8 వోల్టులు, 1.5 వోల్టులు). ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. బిల్లులో కార్డు క్రమసంఖ్య రాయించుకుంటే వారంటీ కింద మార్చుకునేటపుడు వివాదం రాదు.