రచ్చకు బండ ఏది?

ఇంట గెలిచి రచ్చ గెలవమని చెప్పని పెద్దవాళ్లు తెలుగునాట ఉండరు. ఆ మాట విన్న పిల్లల్ని ఆపి “రచ్చ అంటే ఏంది బిడ్డా?” అని అడిగి చూడండి. “గొడవ” అంటారు. “రచ్చ రచ్చ చేసిండు అంటం కదా” అని సాక్ష్యం కూడా చూపిస్తారు. ఆ అర్థం పట్టుకుంటే, ముందు ఇంట్లో గెలిచి ఆ తర్వాత బజారు గొడవల్లో గెలవమని పెద్దలు దీవించినట్టవుతుంది. ఇప్పటి వాట్సాప్ గ్రూపుల్ని చూస్తే అదే సరైన అర్థమేమో అన్న అనుమానం రాకపోదు. కానీ సామెత పుట్టిననాటికి రచ్చకు గొడవతో పనిలేదు.

నిఘంటువులు రచ్చను సంస్కృతంలోని ‘రథ్య’ నుంచి తీస్తాయి. రథ్య అంటే రథం పట్టేంత వెడల్పున్న బాట. ప్రాకృతం నోట ఇలాంటి జంటాక్షరాలు మెత్తబడ్డాయి. సత్యం ‘సచ్చ’ అయింది, రథ్య ‘రచ్ఛ’ అయింది. హైదరాబాదు గల్లీల్లో పిల్లలు “సచ్చీ?” అని కళ్లు పెద్దవి చేసి అడిగినప్పుడు వినిపించే చకారం, మన రచ్చలోని చకారం ఒకే మార్పు నుంచి వచ్చాయి. సంధ్య సంజ కావడం, వైద్యుడు వెజ్జు కావడం కూడా ఈ వరుసలోనివే.

తెలుగులోకి వచ్చాక బాట వెనక్కి తగ్గి, బాటలు కలిసే చోటు ముందుకొచ్చింది. నాలుగు దార్లు కలిసేచోట ఒక చెట్టు, చెట్టు చుట్టూ ఒక గద్దె. నడిచేవాళ్లు అక్కడ ఆగారు, ఆగినవాళ్లు కూర్చున్నారు, కూర్చున్నవాళ్లు మాట్లాడుకున్నారు. జనం కూడే చోటు రచ్చ అయింది, ఆ తర్వాత కూడిన జనం కూడా రచ్చే అయ్యారు. కొందరు కూర్చునే రాతిని చూసి రచ్చబండ అన్నారు. ఇంకొందరు చెట్టు చుట్టూ కట్టిన గద్దెను చూసి రచ్చకట్ట అన్నారు. సామెతలోని రచ్చ ఇదే. గడప లోపలిది ఇల్లు, గడప దాటితే నలుగురూ ఉండే చోటు రచ్చ.

ఈ పాత అర్థమూ కొత్త అర్థమూ పక్కపక్కనే బతుకుతున్న ఊళ్లలో నాదర్‌గుల్ ఒకటి. హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం పోయే సాగర్ రోడ్డుకు పక్కగా ఉంటుంది. 1981లో పుట్టిన ఎంవీఎస్‌ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ ఇక్కడిదే. పైలట్లకు శిక్షణనిచ్చే చిన్న విమానాలు దిగే ఎయిర్‌ఫీల్డు ఉంది. ఆదిభట్లలో టీసీఎస్ వచ్చాక, ఔటర్ రింగు రోడ్డు పడ్డాక, పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. ఊరు బడంగ్‌పేట పురపాలికలో కలిసింది. పాత ఊరి పెద్దమనిషి “జర కట్ట కాడికి పొయ్యొస్త” అని చెప్పులేసుకుంటే, అతని ఇంటికి కూతవేటు దూరంలో నాలుగో అంతస్తులో సాఫ్ట్‌వేర్ కోడలు ఫోను చూస్తూ “గ్రూపులో రచ్చ అవుతోంది అత్తయ్యా” అంటుంది. ఇద్దరి నోటా ఉన్నది ఒకటే చోటు. ఒకరు అక్కడికి నడిచి వెళతారు, ఇంకొకరి చేతిలోకి అదే వచ్చింది.

గొడవకు ఈ ఊరి నోట సొంత మాట ‘లొల్లి’ ఉండనే ఉంది. లొల్లిలో చోటు లేదు, మనుషులు కూడా లేరు. ఉన్నదల్లా చప్పుడే. పిల్లలది లొల్లి, కుక్కలది లొల్లి, డీజేది లొల్లి. రచ్చ అలాంటిది కాదు, అది చప్పుడుగా మారిన చోటు. ఈ మార్పు రచ్చకొక్కదానికే జరగలేదు. ఐదుగురు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పడం పంచాయతి. తెలంగాణలో ఇప్పుడు “వాళ్లింట్ల రోజూ పంచాయతే” అంటే రోజూ తగవు అనే అర్థం. హంగామా ఫారసీ మాట. అక్కడ దానికి గుంపు, జనం గుమిగూడడం అన్న అర్థాలున్నాయి. మనకు మిగిలింది ఆర్భాటం. రచ్చ సంస్కృతం వైపు నుంచి వచ్చింది, హంగామా ఫారసీ వైపు నుంచి వచ్చింది, పంచాయతి రెండింటి నడుమ తిరిగింది. మూడూ జనం కూడటంతో మొదలై కొట్లాటలో తేలాయి. నలుగురు కూడితే ఏమవుతుందో మనవాళ్లకు బాగా తెలిసినట్టే ఉంది.

అయితే రచ్చ ఎప్పుడు చెడిందో మాటల్లోనే ఒక ఆనవాలు ఉంది. ఇంటి సంగతి బయటపడితే ‘రచ్చకెక్కింది’ అంటాం. ఎందుకు ఎక్కాలి? అది కట్ట కాబట్టి, నేల కంటే ఎత్తుగా ఉండేది కాబట్టి. ఇంట్లోంచి లేచి, చెప్పులేసుకుని, బజారు దాటి, నలుగురూ చూస్తుండగా కట్టెక్కి చెప్పాలి. ఆ దారిపొడుగునా ఆలోచించుకునే వీలుంది. సగం కోపాలు సగం దారిలోనే చల్లారి వెనక్కి తిరిగేవి. కోర్టుకెక్కడం, పేపరుకెక్కడం కూడా ఈ ఎక్కుడు లెక్కలోవే. ఇప్పుడు మనం గ్రూపుకు ఎక్కం, గ్రూపులో ‘పెడతాం’. స్టేటస్ పెడతాం, డీపీ పెడతాం, వాయిస్ పెడతాం. అన్నం పెట్టడం, పొయ్యి మీద పాలు పెట్టడం, పిల్లకు బొట్టు పెట్టడం, ఇవన్నీ ఇంటి లోపలి పనులు. ఇంటి క్రియాపదంతో రచ్చ పని చేస్తున్నాం. కూర్చున్నచోటు నుంచి లేవకుండా, వంటింట్లో కూర గిన్నె దించినంత సుళువుగా, ఇంటి మాట నూరు ఇళ్లలో పెట్టేస్తున్నాం.

నేనున్న అపార్ట్‌మెంట్ గ్రూపులోనే జరిగిన ఒక సంగతి చెప్తాను. ఓ సాయంత్రం మూడో అంతస్తు మేడం అడిగారు: “కొత్త వాషింగ్ మిషన్ తీసుకుందామనుకుంటున్నాం. ఫ్రంట్ లోడ్ బాగుంటుందా, టాప్ లోడా?” పది నిమిషాల్లో చర్చ వేడెక్కింది. “ఫ్రంట్ లోడే మేడం, నీళ్లు తక్కువ పడతాయి, బట్ట చెడదు.” “మధ్యలో ఒక బట్ట వేద్దామంటే తలుపు రాదండీ, టాప్ లోడే నయం.” ఈ నడుమ కింది ఫ్లోరు పెద్దాయన ఒక వాయిస్ పెట్టారు: “మిషిను ఏదైతేంది తల్లీ, మనయి బోరు నీళ్లు. మీ గీజరు కాయిలు ఇప్పి చూడుండ్రి, తెల్లగ ఎట్ల పట్టి ఉంటదో. నీళ్లు కాగబెట్టే మిషినుకు గదే పడ్తది. ఏది కొన్నా మందేసి కడుక్కుంట ఉండాలె.”

ఆ సాయంత్రం మొత్తానికి పనికొచ్చే మాట అదొక్కటే. బోరునీళ్లలో కరిగి ఉన్న సున్నపు లవణాలు వేడి తగిలితే విడివడి కాయిలుకు పెచ్చుగా అంటుకుంటాయి. పెచ్చు మందమైన కొద్దీ కరెంటు ఎక్కువ తాగుతుంది, చివరికి కాయిలు కాలిపోతుంది. రాగిచెంబు అడుగున తెల్లచారలు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. అయినా ఆ వాయిస్‌ను విప్పి విన్నవాళ్లెవరో తెలియదు. అప్పటికే ఇంకొకరు “నీళ్లు తక్కువ పడాలా? రోజూ పైపు పెట్టి కారు కడిగేవాళ్లకు చెప్పండి ముందు” అనేశారు. అక్కడి నుంచి ట్యాంకరు బిల్లు, ట్యాంకరు నుంచి కిరాయిదారులు, కిరాయిదారుల నుంచి ఎవరెన్ని నెలల మెయింటెనెన్స్ బాకీ అన్న చిట్టా. “ప్లీజ్, గ్రూపులో రచ్చ చేయకండి” అని గుంటూరు సార్, “లొల్లి బంద్ జెయ్యుండ్రి అన్నా” అని ఊరి తమ్ముడు. చివర ఎవరో గులాబీ పువ్వుతో గుడ్ నైట్ పెట్టారు. మర్నాడు పొద్దున లిఫ్టులో ట్యాంకరు బిల్లు ఎత్తిన సారూ కారు కడిగే సారూ ఎదురుపడి “నీళ్లొచ్చినయా మీకు?” అని పలకరించుకున్నారు. ఇద్దరి మొహాల్లో రాత్రి జాడ లేదు.

అదే మాట కట్ట మీద జరిగి ఉంటే ఏమయ్యేది? పెద్దాయన గొంతు సవరించుకోగానే నలుగురు అటు తిరిగేవారు. బాకీల మాట ఎత్తబోయినవాడు ఎదుటివాడి ముఖం చూసి సగంలో మింగేసేవాడు. మాటకు బరువు వచ్చేది మాట వల్ల మాత్రమే కాదు, పలికినవాడు కళ్లెదుట ఉండటం వల్ల కూడా. గ్రూపులో మాట వచ్చిన వరుసలో నిలబడుతుంది. అనుభవమూ ఎగతాళీ గులాబీ పువ్వూ ఒకే వెడల్పు గడిలో, ఒకదాని కింద ఒకటి.

ఇక్కడే పాత కట్ట మీద మమకారం హద్దు దాటకుండా చూసుకోవాలి. కట్ట మీద అందరికీ చోటుండేది కాదు. ఆడవాళ్లు దాని ముందునుంచి కొంగు సర్దుకుని దాటిపోవలసిందే. కొన్ని కులాలవాళ్లు కింద నిలబడే మాట్లాడాలి. వాషింగ్ మిషన్ గురించి ఏ ఆడమనిషీ కట్టెక్కి అడగగలిగేది కాదు. వాషింగ్ మిషన్‌దాకా ఎందుకు, ఊరి బావి నీళ్లు మోసింది వాళ్లే, ఆ బావి పూడిక గురించి కట్ట మీద తీర్మానించింది మాత్రం మగవాళ్లు. స్టవ్ పక్కన డబ్బాకు ఫోను ఆనించి, పోపు వేస్తూనే నూరు ఇళ్లకు ప్రశ్న వేసే వీలు ఇప్పటి గ్రూపు ఇచ్చింది. ఆ వీలును వెనక్కి తీసుకోమనే హక్కు ఎవరికీ లేదు.

కంప్యూటరు మీద తెలుగువాళ్లు కలుసుకోవడం మొదలైనప్పుడు వాళ్లకు ముందుగా తట్టిన పేర్లలో రచ్చబండ ఒకటి. యాహూ గ్రూపుల్లో ఆ పేరుతో ఒక బృందం ఉండేది. తెరమీద తెలుగు లిపి ఇంకా కుదురుకోని ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకుంటూ ఛందస్సు గురించీ కథల గురించీ వాదించుకున్నారు. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు మూతపడ్డాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి నేటికీ రచ్చబండ అనే పేరు. ఒక్కో వ్యాసానికి పక్కన ఉండే పేజీకి పేరు ‘చర్చ’. రచ్చ, చర్చ పక్కపక్కనే ఉన్నా అక్కడ చాలామటుకు కలిసిపోలేదు. కారణం సాంకేతికం కాదు. అన్న ప్రతి మాట కింద సంతకం ఉంటుంది. పాత మాటలు చెరిగిపోకుండా చరిత్రలో ఉంటాయి. ఒక విషయం తేలితే దాన్ని తీసి భద్రం చేసి ముందుకు పోతారు. పేరులోని బండను వాళ్లు నిజంగానే వేసుకున్నారు.

ప్రభుత్వాలకూ ఈ మాట మీద మోజే. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి చివరి ప్రయాణం చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టడానికే. సినిమావాళ్లు బండను వదిలేసి రచ్చను ఉంచుకున్నారు. 2012లో రామ్‌చరణ్ సినిమాకు పేరే ‘రచ్చ’. అప్పటికే కుర్రకారు నోట రచ్చ పొగడ్తయింది. పాట బాగుంటే రచ్చ, బండి బాగుంటే రచ్చ.

బండ లేని రచ్చ ఎంతదాకా పోతుందో 2018లో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఫార్వర్డులు ఫోన్ల నిండా పాకాయి. ఆ మే నెలలో, నాదర్‌గుల్‌కు ఎంతో దూరం లేని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఎక్కడం మరీ సులువైపోయిన కట్టకు ఆలస్యంగా కట్టిన ఒక మెట్టు అది. అదే కాలంలో జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టారు. ఊళ్లకు పోలీసుల్ని పంపి, జనాన్ని కూర్చోబెట్టి, డప్పులతో పాటలతో ఈ వదంతుల గుట్టు విప్పించారు. ఫోనులో పుట్టిన భయాన్ని చెట్టుకిందికి తెచ్చి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ విప్పుకున్న ఊళ్లలో అది నిలవలేదు. రచ్చను మళ్లీ బండ మీద కూర్చోబెట్టడమంటే ఇదే.

ఇప్పుడు సామెతను మళ్లీ చదవాలి. గెలవడమంటే ఓడించడమొక్కటే కాదు. మనసు గెలుచుకోవడం అన్నప్పుడు ఓడినవాళ్లు ఉండరు. ఇంట గెలవడమంటే ఇంట్లోవాళ్లచేత ఔననిపించుకోవడం. సామెత ఒక వరుస పెట్టింది: ముందు ఇల్లు, నడుమ గడప, తర్వాత రచ్చ. ఫోను ఆ గడపను చెరిపేసింది. ‘ఫ్యామిలీ’ అని పేరున్న గ్రూపులో అమెరికా బావమరిది నుంచి నాదర్‌గుల్ మేనత్త దాకా అరవైమంది ఉంటే అది ఇల్లా, రచ్చా? మొగుడూ పెళ్లాం ఒకే సోఫాలో కూర్చుని ఆ గ్రూపులో ఒకరికొకరు పెళ్లిరోజు శుభాకాంక్షలు పెట్టుకుంటే గెలుస్తున్నది ఇంటనా, రచ్చనా? ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాల్సింది గ్రూపులో పెడుతున్నాం, గ్రూపులో అడగాల్సిన నీళ్ల సంగతి మనసులో పెట్టుకుని నస పెడుతున్నాం.

కొత్త ఆప్ వస్తే ఇది చక్కబడదు. ఎక్కేముందు ఒక నిమిషం ఆగడం, ఎక్కాక పేరూ ముఖమూ చూపించి మాట్లాడటం, పని తేలాక దిగిపోవడం, ఈ మూడూ ఉన్న ఏ గ్రూపైనా రచ్చబండే. అందులో ఆడవాళ్లూ కూర్చుంటారు కాబట్టి పాతదానికంటే మెరుగైన రచ్చబండ. ఈ మూడూ లేనిచోట వినిపించేదానికి లొల్లి అన్న మాట మన దగ్గర సిద్ధంగా ఉంది. ఆ పనికి రచ్చను వాడుకోనక్కర్లేదు.