ఏనుగుల లెక్క

తళ్ళికోట యుద్ధంలో ఓడాక, 1565లో తిరుమలరాయలు విజయనగరం ధనమంతా 550 ఏనుగుల మీద కెక్కించి పెనుగొండ చేరాడంటారు. ఏనుగులకి లెక్కుంది సరే, ఆ పట్నం వీధుల్లో మిగిలిపోయిన కుక్కల సంగతి ఏ చరిత్రకారుడూ రాయడేం? నవ్వకండి!

రామగిరి బంగారు గని 2001లో మూతబడింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. ఆ చలికాలం ఎవరిదో ముసలి కుక్క, రిటైరై ఆ వూళ్ళో వుంటున్న మా నాయన గడప చేరింది. మడీ ఆచారం మనిషి, కుక్కంటే ఆమడ దూరం. అలాంటిది ధనుర్మాసంలో నైవేద్యం అయ్యీ కాకముందే పొంగలి ముద్ద దానికి వెళ్ళేది.

"మైల కాదా నాయనా?" అన్నాను.

"స్వామికి తొందర లేదులేమ్మా, దీనికి చలేస్తోంది" అంటూ తన పాత శాలువా కప్పాడు.

అమ్మ పోయాక ఆయన అంతసేపు కబుర్లు చెప్పింది దాంతోనే.