ఫినీతో అంటే అయిపోయిందా?

ఇటాలియన్‌లో ‘ఫినీతో’ అంటే ముగిసినది, అయిపోయినది అని అర్థం. తెలుగులో లాగే ఇటాలియన్‌లో కూడా చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే ఈ మాట నా నోటికి తొందరగా పట్టింది. దాని చరిత్ర అర్థం కావడానికి మాత్రం ఎక్కువ సమయం పట్టింది.

దీని మూలం లాటిన్ మాట ‘ఫీనిస్’. దానికి ముగింపు అనే కాదు, హద్దు, పొలిమేర అనే అర్థాలు కూడా ఉన్నాయి. అంటే ఒక పనిని ముగించడం అంటే దానికి హద్దు గీయడం అన్నమాట. మన ‘అయిపోయింది’ దారి వేరు. అందులో ‘అయి’, ‘పోయింది’ రెండూ ఉన్నాయి. హద్దు లేదు, వెళ్ళిపోవడం ఉంది.

వాడుకలో మాత్రం రెండూ దగ్గరగా ఉంటాయి. పని ముగించాను అనడానికి ‘ఓ ఫినీతో’ అంటారు. మగవాళ్ళు అన్నా ఆడవాళ్ళు అన్నా అదే రూపం. రొట్టె అయిపోయింది అంటే ‘ఎ ఫినీతో ఇల్ పానే’. కానీ పండుగకి వాడే ‘ఫెస్తా’ స్త్రీలింగం కాబట్టి, పండుగ అయిపోతే ‘ఫినీతా’ అనాలి. మనకి రొట్టె అయినా పండుగ అయినా ‘అయిపోయింది’ ఒక్కటే. పాత ఇటాలియన్ సినిమాల చివర తెర మీద ‘ఫీనే’ అని పడేది. అదే చోట మన సినిమాల్లో ‘శుభం’ పడేది. వాళ్ళు ముగింపు అని చెప్పి ఊరుకున్నారు, మనవాళ్ళు దీవించి పంపారు.

ఈ మాటకి వ్యతిరేకం ‘నోన్ ఫినీతో’. కళా చరిత్రలో ఇది పెద్ద మాట. 1505లో పోప్ రెండవ జూలియస్ తన సమాధి కట్టమని మైకెలాంజెలోకి చెప్పాడు. మొదటి ఆలోచనలో నలభైకి పైగా విగ్రహాలు ఉన్నాయి. 1513లో పోప్ చనిపోయాడు. వారసులతో ఒప్పందాలు మళ్ళీ మళ్ళీ మారాయి, సమాధి చిన్నదవుతూ వచ్చింది. చివరికి అది 1545లో పూర్తయింది. దాని కోసం మొదలుపెట్టిన నాలుగు ‘బందీల’ విగ్రహాలు సగంలోనే ఆగిపోయాయి. అవి ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని అకాడెమియాలో ఉన్నాయి.

శిల్పి కావాలనే అలా వదిలేశాడని కొందరు అంటారు. కానీ నలభై ఏళ్ళ ఆ కథ చూస్తే, కారణం రాతిలో కంటే ఒప్పందాల్లోనే ఎక్కువ ఉందని నాకు అనిపిస్తుంది. అయినా ఆ విగ్రహాల్లో మనిషి ఎక్కడ ఆగాడో, రాయి ఎక్కడ మొదలయిందో చెప్పలేం. మధ్యలో హద్దు పడలేదు.

అందుకే ‘నోన్ ఫినీతో’ని తెలుగులో ‘అసంపూర్ణం’ అనడం నాకు ఇష్టం లేదు. ఆ మాట వింటే ఏదో తక్కువైనట్టు ఉంటుంది. నేనైతే ‘హద్దు పడనిది’ అని రాస్తాను.