అనంతపురం నేలలో కార్బొనేట్లు: సున్నపురాయి నుంచి చౌడు దాకా

కార్బన్, ఆక్సిజన్ కలిసిన కార్బొనేటు అయాను కాల్షియం, సోడియం వంటి లోహాలతో కూడి ఏర్పరచే లవణాలే కార్బొనేట్లు. అనంతపురం పీఠభూమిలో వీటిలో కొన్నింటిని సముద్రం ఇచ్చింది, కొన్నింటిని కరవు ఇచ్చింది. తూర్పున తాడిపత్రి వైపు విస్తరించిన సున్నపురాయి, మెగ్నీషియం కూడా కలిసిన డోలమైటు కడప బేసిన్‌లోని ప్రాచీన సముద్రంలో పేరుకున్నవి. విలియం కింగ్ 1872లో వర్ణించిన ఈ శిలాశ్రేణిలో, వేంపల్లె డోలమైట్ల వయసు 188 కోట్ల ఏళ్లకు పైమాటే. వాటిలో సూక్ష్మజీవులు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు నేటికీ కనిపిస్తాయి.

చౌడు కథ వేరు. గ్రానైటు శిథిలమైనప్పుడు వెలువడే సోడియం, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ నేలలో పూర్తిగా కొట్టుకుపోక, పల్లపు చోట్ల నీరు ఆవిరైనప్పుడు కార్బొనేటు, బైకార్బొనేటు రూపంలో తెల్లగా పైకి తేలుతుంది. సోడియం బంకమట్టి రేణువులను విడదీసి సన్నని రంధ్రాలను పూడ్చివేయడం వల్ల నీరు లోపలికి ఇంకదు. అందుకే పైరుకు ఊపిరాడనివ్వని ఆ మట్టినే రాయలసీమ జనం దూలాలు, దంతెల మీద నిలిచిన మిద్దెకు పైపూతగా పరిచి, వానలకు ముందు మళ్లీ వేసుకుంటూ ఇల్లు కారకుండా కాపాడుకున్నారు. రజకులు దానితోనే బట్టలు ఉడకబెట్టారు, ఎందుకంటే సోడియం కార్బొనేటు జిడ్డును విడగొడుతుంది. చేటు చేసే నేల గుణాన్ని ఇంటికి మేలుగా మలచిన ఈ పరిజ్ఞానానికి మన చరిత్ర రచనలో దక్కిన చోటు చాలా తక్కువ.

సున్నపురాయిని బట్టీలో కాలిస్తే నూరు కిలోలకు 56 కిలోల సున్నం మిగిలి, తక్కినది వాయువుగా పోతుంది. ఆ వాయువును జోసెఫ్ బ్లాక్ 1750లలో గుర్తించాడు. నీటితో చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం గాలిలోని అదే వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా గట్టిపడుతుంది. ఉమ్మడి జిల్లాలోని లేపాక్షి ఆలయంలో 16వ శతాబ్దపు చిత్రాలకు ఆధారం సున్నపు గచ్చే.

పొరల వెంట చీలే తాడిపత్రి బండలు ఇళ్లలో గచ్చులుగా పరుచుకున్నాయి. 1990ల నుంచి తాడిపత్రి, యాడికి ప్రాంతాల్లో వెలసిన సిమెంటు కర్మాగారాలు అదే జాతి రాతిని బంకమట్టితో కలిపి సుమారు 1,450 డిగ్రీల వద్ద కాలుస్తున్నాయి. సిమెంటు కప్పులు వచ్చాక చౌడు మిద్దెలు తగ్గిపోయాయి గాని, నేలలోని బైకార్బొనేటు ప్రభావం తగ్గలేదు: అది భూగర్భజలంలోని కాల్షియాన్ని కార్బొనేటుగా విడదీయడంతో, ఫ్లోరైడును పట్టి ఉంచేందుకు కాల్షియం చాలక, బోరునీటిలో ఫ్లోరైడు పెరుగుతుంది.