బిషప్పు లేని కెథెడ్రల్

మెదక్ చర్చికి 2024 క్రిస్మస్‌తో నూరేళ్లు నిండాయి. ముఖ్యమంత్రి వచ్చి వెళ్లారు, పత్రికలన్నీ రాసేశాయి. మా వంతు ఆలస్యంగా వచ్చింది. విజయవాడ భవానీపురంలో కూర్చుని మెదక్ గొడవ నీకెందుకంటారేమో! మెదక్ చర్చి కట్టింది మెథడిస్టులు, మన డెల్టాలో వాళ్ల ఊసు తక్కువ. 1841లో బందరులో దిగిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు సీఎంఎస్ అనే ఆంగ్లికన్ మిషను వాళ్లు. ఇక్కడి బళ్లూ గుళ్లూ చాలామటుకు వాళ్ల చలవే. మెథడిస్టుల ఘనత చూడాలంటే మా పేట మీదుగా పోయే హైదరాబాదు రోడ్డెక్కి, ఆ మహానగరం దాటి ఇంకో వంద కిలోమీటర్లు పోవాలి.

మెదక్‌లో కాకతీయుల నాటి కోట ఉంది. తర్వాత కుతుబ్ షాహీలు, ఆపైన నిజాములు. ఏడెనిమిది వందల ఏళ్లను ఇంత తేలిగ్గా దాటేశానని చరిత్ర మేష్టార్లు కోప్పడకూడదు, నా మనసంతా చర్చి మీదుంది.

మెథడిజానికి ఆద్యుడు జాన్ వెస్లీ. 1739లో బ్రిస్టల్ దగ్గర బొగ్గుగని కూలీలకు ఆరుబయట నిలబడి బోధించిన మనిషి. ఆయన బాటలో నడిచిన ఇంగ్లండు మెథడిస్టులకు ఆర్భాటం లేని ప్రార్థన మందిరాలే అలవాటు. బిషప్పు అనే పదవే వాళ్లలో లేదు. ఈ వెస్లియన్లు 1880 ప్రాంతంలో సికింద్రాబాదులో మిషను పెట్టారు. అబిడ్స్‌లో కనిపించే మెథడిస్టు చర్చి వీళ్లది కాదు, అది అమెరికా శాఖ వాళ్లది.

ఆ వెస్లియన్ మిషను మనిషి చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదు తిరుమలగిరి దండులో తెల్ల సిపాయిలకు పాదిరిగా వచ్చాడు. దండులో మనసు నిలవక మెదక్ పల్లెల బాట పట్టాడు. 1914 నాటికి అక్కడ కరువు. ఊరికే గంజి పోస్తే జనం చెయ్యి చాచడానికి అలవాటు పడతారు, పని చూపిస్తే కూలి తీసుకుంటారు. ఆయన చూపిన పని చర్చి కట్టడం. చెరువులు తవ్వించి, రోడ్లు వేయించి కరువు పనులు చేయించిన ప్రభువులను ఎరుగుదుం. గోథిక్ శిల్పంతో కరువు పని చేయించింది మాత్రం నాకు తెలిసి ఈయనొక్కడే.

పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంటల గోపురం 175 అడుగులు. లోపల అయిదు వేల మంది పడతారంటారు. చక్కగా చెక్కిన బూడిదరంగు రాతి స్తంభాల మీద కప్పు నిలిచింది. నేల మీది రంగుల పలకలు బ్రిటన్ నుంచి వస్తే, పరిచినవాళ్లు ఇటలీ మేస్త్రీలట. రాయి మోసినవాళ్లు మాత్రం చుట్టుపక్కల పల్లెల కూలీలు.

గోపురం చార్మినార్‌ను మించిపోతోందని నిజాము అభ్యంతరపెట్టాడని ఓ కథ. స్థానికులు దీన్ని వదులుకోరు. చార్మినార్ 56 మీటర్లన్న లెక్కే తీసుకుంటే, 53 మీటర్ల ఈ గోపురమే పొట్టి. అయినా ఆ కథ చెప్పేవాళ్ల ముఖాలు చూస్తే కొలతలు అడగబుద్ధి కాదు.

నాకు ముచ్చటగొలిపేది రంగు అద్దాల కిటికీలు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. ఉత్తరాన బలిపీఠం వెనక ఆరోహణం, పడమట జననం, తూర్పున సిలువ. ముందు బిగించింది ఆరోహణం, 1927లో. జననం 1947లో వచ్చింది, సిలువ 1958లో. క్రీస్తు పరలోకానికి వెళ్లిన ఇరవయ్యేళ్లకు మెదక్‌లో పుట్టాడన్నమాట! చందాలు అందే వరసలోనే సువార్త కూడా నడవాలి కాబోలు.

బిషప్పులు లేని శాఖవాళ్లు కెథెడ్రలంత గుడి ఎందుకు కట్టినట్టు? కట్టినవాళ్ల ఆశయం ఏదైనా, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ భారత సంఘం పుట్టి, ఆంగ్లికన్లతోబాటు వెస్లియన్లూ అందులో కలిశారు. మెదక్ డయాసిస్ అయింది, ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్పుగా వచ్చాడు. బిషప్పు ఆసనం ఉన్న గుడే కెథెడ్రల్ కనుక, కట్టిన 23 ఏళ్లకు ఈ కట్టడం ఆ మాటకు తగినదైంది. డోర్నకల్‌లో తంతు తిరగబడింది. అజరయ్య 1912లోనే బిషప్పు, ఆయన కెథెడ్రల్ పూర్తయ్యేసరికి 1939. పైగా అది గోపురాలూ కమానులూ కలగలిసిన దేశవాళీ ధోరణి కట్టడం. శిల్పం సంగతికొస్తే నా ఓటు డోర్నకల్‌కే. మెదక్ ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి పొలాల మధ్య దింపినట్టుంటుంది. దాని అందమూ అదే, లోటూ అదే.

తర్వాతి కథకు ఓ వరస లేదు. జిల్లాలు ముక్కలయ్యాయి, 2022లో అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలొచ్చింది. దగ్గర్లోని ఏడుపాయల గుడిలో వనదుర్గమ్మను చూసినవాళ్లు ఇటూ వస్తారు, చర్చికొచ్చినవాళ్లు అటూ వెళతారు. మతం ఏదని ఎవరూ అడగరు. ఫోటోలు మాత్రం అందరూ దిగుతారు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. క్రిస్మస్ నాటి జనంలో కిటికీలు కాదు గదా, గోడలైనా కనపడవు. మామూలు రోజున, ఎండ బాగా కాసే వేళ వెళ్లండి. ఆ అద్దాలకు వెలుగు బయటినుంచే రావాలి. పొద్దుగూకాక లోపలికెళితే ఆ మూడు బొమ్మల్లో ఒక్కటీ కనిపించదు.