కారు రేడియో గరగరమంటోందా? సెట్ మార్చేముందు యాంటెన్నా చూడండి

కారులో పాత సెట్ తీసేసి కొత్త ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ వేయించారు. బ్లూటూత్‌లో పాటలు బాగానే వస్తున్నాయి, రివర్స్ కెమెరా పనిచేస్తోంది. ఎఫ్ఎం మాత్రం గరగర. షాపుకు తీసుకెళ్తే "సెట్ పోయింది" అనో "యాంటెన్నా మార్చాలి" అనో చెప్పి మళ్లీ వేలల్లో ఖర్చు చూపిస్తారు. చాలా కార్లలో ఆ రెండూ బాగానే ఉంటాయి. తేడా ఒక్క నీలం వైరు దగ్గర ఉంటుంది.

ఎఫ్ఎం సిగ్నల్ బాగా అందాలంటే యాంటెన్నా కడ్డీ సుమారు 75 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఇప్పటి కార్ల పైకప్పు మీద ఉండేది జానెడు కడ్డీ, లేదంటే సొరచేప రెక్కలాంటి షార్క్ ఫిన్. పొడవులో తగ్గిన దాన్ని పూడ్చడానికి చాలావాటి అడుగున చిన్న యాంప్లిఫయర్ పెడతారు. అది నడవాలంటే 12 వోల్టుల కరెంటు కావాలి. కంపెనీ సెట్ అయితే చాలా మోడళ్లలో ఆ కరెంటును యాంటెన్నా కేబుల్‌లోంచే పంపుతుంది. బయట కొన్న సెట్‌కు వెనకాల నీలం వైరు విడిగా ఉంటుంది. కరెంటు అందించే అడాప్టర్ వేసి, దాని తోకను ఈ నీలం వైరుకు కలపాలి. హడావుడిలో టేపు చుట్టి వదిలేస్తే యాంప్లిఫయర్ సిగ్నల్‌ను పెంచకపోగా అడ్డుపడుతుంది. అప్పుడు టవర్ దగ్గర ఒకటి రెండు స్టేషన్లు పలుకుతాయి, మిగతావన్నీ గాలి శబ్దమే. అడాప్టర్ ధర కొన్ని వందలు మాత్రమే.

డ్యాష్‌బోర్డు విప్పకముందు ఇంట్లోవాళ్లే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదట, కారును ఊళ్లో ఖాళీ జాగాలో ఆపి వినాలి. ఎఫ్ఎం దాదాపు కంటిచూపులా నేరుగా వెళ్లే సిగ్నల్. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ చిట్యాల దాటాక సిటీ స్టేషన్ సన్నగిల్లితే అది సహజం, కారుది తప్పు కాదు. సెల్లార్ పార్కింగ్‌లో టెస్ట్ చేసి సెట్‌ను తిట్టడం కూడా అన్యాయమే.

తర్వాత సెట్టింగ్స్‌లో రేడియో రీజియన్ చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. అమెరికా అని ఉంటే ట్యూనర్ 87.9, 88.1 అంటూ చివర బేసి అంకె ఉన్నవాటి మీదే ఆగుతుంది. 91.1, 98.3 దొరుకుతాయి గానీ హైదరాబాద్ వివిధ భారతి 102.8 దొరకదు. కొన్నే వస్తున్నాయంటే అనుమానించాల్సింది ఇదే. గల్ఫ్‌లో అమెరికన్ స్పెక్ సెకండ్ హ్యాండ్ కారు కొన్న మనవాళ్లకూ ఈ తిప్పలు తప్పవు. 'లోకల్' లేదా 'ఎల్ఓసీ' బటన్ ఆన్‌లో ఉంటే వెతికేటప్పుడు బలహీనమైన స్టేషన్లను సెట్ దాటేస్తుంది. దాన్ని ఆఫ్ చేయాలి.

ఇక మొబైల్ చార్జర్, డ్యాష్ క్యామ్, బయట వేయించిన ఎల్ఈడీ లైట్లు. ఒక్కొక్కటే పీకి వినండి. చవక చార్జర్ తీయగానే గరగర ఆగితే దొంగ దొరికినట్టే. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ కూత పెరిగితే అది ఇంజిన్, ఆల్టర్నేటర్ వైపు నుంచి వస్తోంది. మీడియం వేవ్‌కు ఈ బెడద మరీ ఎక్కువ. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ వినే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ముందు చార్జరే తీసి చూడండి.

కడ్డీ సంగతి. కార్ వాష్‌లో విప్పి మళ్లీ సరిగా బిగించకపోవడం, పోతే వేరే మరసైజు కడ్డీ తెచ్చి తిప్పేయడం మామూలే. విప్పి చూస్తే మొదట్లో పచ్చగా చిలుము కనిపిస్తే వాన నీళ్లు దిగినట్టు. అక్కడ శుభ్రం చేసి, రబ్బరు వాషర్ మార్చి, బాడీకి ఎర్త్ బాగా తగిలేలా బిగించాలి.

ఇవేవీ కాకపోతే మెకానిక్‌తో సెట్ వెనకున్న యాంటెన్నా ప్లగ్ పీకించండి. సాకెట్ మధ్య రంధ్రంలో 75 సెంటీమీటర్ల మామూలు వైరు దూర్చి, మిగతాది కిటికీ దాకా సాగదీయాలి. స్టేషన్లు పలికితే సెట్ మంచిదే, లోపం యాంటెన్నా వైపు ఉంది. దీనికీ పలకకపోతేనే సెట్ గురించి మాట్లాడాలి. సెట్ మంచిదని తేలితే, రేడియో ఆన్‌లో ఉంచి నీలం వైరు మీద మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపించాలి. యాంప్లిఫయర్ లేని మామూలు కడ్డీ అయితే, కడ్డీ నుంచి ప్లగ్ మధ్య పిన్ దాకా కనెక్షన్ ఉండాలి, ఆ పిన్‌కూ చుట్టూ ఉన్న లోహానికీ మధ్య ఉండకూడదు. ఉంటే కేబుల్ ఎక్కడో నలిగి షార్ట్ అయినట్టు.

మ్యాప్‌లో కారు పక్క గల్లీలో తిరుగుతున్నట్టు చూపిస్తే అది వేరే సమస్య. జీపీఎస్‌కు అగ్గిపెట్టెంత యాంటెన్నా విడిగా ఉంటుంది. దాన్ని ఇనుప పట్టీ కింద కాకుండా, అద్దం దగ్గర ఆకాశం కనిపించేలా పెట్టాలి. అద్దానికి లోహపు పూత ఉన్న ఫిల్మ్ వేస్తే ఆ సిగ్నల్ కూడా తగ్గుతుంది.

వారంటీలో ఉన్న కారైతే కంపెనీ వైర్లు కోయనివ్వకండి. ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్ అడిగి వేయించుకోండి, బిల్లు మీద దాని పేరు రాయించుకోండి.