సీసపు పలకల ఆయుర్దాయము

ఒక వేసవి మధ్యాహ్నము మిత్రుని కారులో నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవుచు, దారిలో సిరివెళ్ల వద్ద చెరకు రసమునకై ఆగితిమి. మరల బయలుదేరబోగా కారు “సెల్ఫ్” తీసుకొనలేదు. తాళపుచెవి త్రిప్పినప్పుడెల్ల టక్కుమని ఒక చప్పుడు, అంతే. చుట్టు చేరినవారిలో ఒకరు “బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేయించుకోండి” అని తీర్పు చెప్పిరి. నలుగురు వెనుకనుండి త్రోయగా ఇంజను అందుకొన్నది. ఆళ్లగడ్డలో బ్యాటరీల అంగడి పెద్దాయన బానెట్టు ఎత్తి, ధ్రువముమీద పేరుకొనిన తెల్లని ఉప్పును వేడినీటితో కడిగి, గీకి, తీగను బిగించి, “ఇంగొక ఏడాది వస్తాది, పోండి” అనెను. డబ్బు కూడ తీసుకొనలేదు. మరుసటి యేడు వానకాలములో అదే బ్యాటరీకి మీటరు పెట్టగా ముల్లు 12.6 వోల్టులు చూపినది. అయినను “ఇప్పుడు మార్చాల్సిందే” అన్నది కూడ ఆయనే.

మొదటిసారి చచ్చినదనుకొనిన బ్యాటరీ బ్రతికియుండెను. రెండవసారి బ్రతికియున్నట్లు కనబడినది లోపల చచ్చియుండెను. ఈ భేదమును కనిపెట్టుట ఎట్లో తెలిసికొనవలెనన్న మనము ఈ వస్తువు పుట్టిన నాటికి పోవలెను.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను, ఒకదానికొకటి తగులకుండ మధ్య పీలికలనుంచి, చాపవలె చుట్టి, సజల గంధకామ్లములో ముంచెను. వానిగుండ విద్యుత్తును పంపగా ఒక రేకుపై గోధుమరంగు సీసపు పెరాక్సైడు ఏర్పడినది. ప్రవాహమును ఆపి, రెండు రేకులను తీగతో కలిపినప్పుడు, లోనికి పోయిన విద్యుత్తు తిరిగి వెలికి వచ్చినది. నింపుటకును, వాడుటకును, మరల నింపుటకును వీలైన మొదటి ఘటము ఇదియే. మరుసటి సంవత్సరము ఆయన అట్టివి 9 ఘటములను కలిపి ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుంచెను.

కాని కొత్త ఘటములో నిలువయుండు విద్యుత్తు స్వల్పము. దానిని నెలల తరబడి నింపుచు, ఖాళీ చేయుచు రావలెను. ప్రతి పర్యాయమును సీసపు రేకు కొంచెము తినబడి, గుల్లయై, పనిచేయు పదార్థము పెరిగెడిది. అనగా బ్యాటరీకి శక్తి వచ్చినది సీసము క్షయమగుటవలననే. నేడు మన కార్లలో ధన పలకను చివరకు పొడిచేసి చంపునది కూడ అదే క్షయము. పుట్టుకకు కారణమైనదే చావునకును కారణమైన వస్తువులు యంత్రములలో అరుదు.

1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దచేసి రేకులపై పూసి, నెలల పనిని తగ్గించెను. అటుపిమ్మట రేకునకు బదులు సీసపు జాలిక వచ్చినది. జాలిక ఎముక వంటిది, ముద్ద కండ వంటిది.

లోపల జరుగుచున్నదేమో 1882లో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఇరువురు ఆంగ్ల రసాయనికులు వివరించిరి. బ్యాటరీ విద్యుత్తు నిచ్చునప్పుడు రెండు పలకలును సీసపు సల్ఫేటుగా మారును. అందులకు కావలసిన గంధకామ్లము ద్రవమునుండియే పోవును, నీరు పుట్టును. కావున వాడినకొలది ఆమ్లము పలుచనగును. 1768లోనే బోమే ద్రవముల సాంద్రతను తెలిసికొనుటకు తేలెడు గాజుగొట్టమును చేసియుండెను. ఆ హైడ్రోమీటరే ఇప్పుడు బ్యాటరీకి నాడి చూచు సాధనమైనది. పాలలో నీళ్లను పట్టు లాక్టోమీటరు దీని తోబుట్టువే.

నిండిన బ్యాటరీలో ఆమ్లపు విశిష్ట గురుత్వము సుమారు 1.26 నుండి 1.28 వరకుండును. ఉష్ణదేశములలో కొంచెము తక్కువగా నుంచుటయు కలదు. 1.15 కంటె తగ్గినచో దాదాపు ఖాళీయైనట్లే. అయితే సంఖ్యకంటె పోలిక ముఖ్యము. 12 వోల్టుల బ్యాటరీలో 6 ఘటములు కలవు. ఆరును సమానముగ తగ్గియున్నచో అది ఆకలి మాత్రమే, చార్జి పెట్టిన తీరును. చార్జి పెట్టిన పిమ్మట కూడ ఒక ఘటము మిగిలినవానికంటె 0.050 వెనుకబడియున్నచో అది రోగము. ఒక్క ఘటము చెడినను బ్యాటరీ మొత్తము మార్చవలసినదే.

1912 వరకు కారు ఇంజనును చేతితో హ్యాండిలు త్రిప్పి లేపెడివారు. ఇంజను ఎదురుతన్నినచో ముంజేయి విరిగెడిది. ఆ యేడు చార్లెస్ కెటరింగు కనిపెట్టిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో అమర్చబడెను. అంతవరకు దీపములకును, నిప్పురవ్వకును ఉపయోగపడిన బ్యాటరీ నెత్తిన అప్పటినుండి బరువైన పని పడినది: కొన్ని క్షణములపాటు నూరు, రెండు వందల ఆంపియర్లు ఇచ్చుట. హ్యాండిలు మాత్రము చాలకాలము పోలేదు. 1958లో మన దేశములో వచ్చిన అంబాసిడరుకు ముందువైపు దానికొక రంధ్రముండెడిది. బ్యాటరీ ముసలిదైనను డ్రైవరు దిగి రెండు చుట్లు త్రిప్పి పని జరుపుకొనెడివాడు. అందుచేత పూర్తిగా చచ్చువరకు దానిని వాడుకొనుట తప్పు కాదు. హ్యాండిలు పోయిన తరువాతనే “ముందుగా ఎప్పుడు మార్చవలెను?” అను ప్రశ్న పుట్టినది. తానే గేరు మార్చుకొను నేటి కార్లకు త్రోసి లేపు ఉపాయము కూడ లేదు.

రెండవ చిక్కు మూతల వలన వచ్చినది. జాలిక గట్టిపడుటకు సీసములో ఆంటిమొని కలిపెడివారు. దానివలన నీరు వాయువులుగా విడిపోయి తరుగును. కనుకనే పూర్వము నెలనెలా స్వేదన జలము పోసెడివారు. 1935లో బెల్ ప్రయోగశాలలో హేరింగ్, థామస్ ఆంటిమొనికి మారుగా కాల్షియమును వాడిచూపిరి. ఈ మార్గముననే క్రమముగ నీరు పోయనక్కరలేని, మూత తెరువరాని బ్యాటరీలు వచ్చినవి. మన రాష్ట్రములో 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి సమీపమున కరకంబాడిలో ఇట్టి మూసిన బ్యాటరీలతోనే మొదలై, 2000లో అమరాన్ పేరున కార్ల బ్యాటరీలను తెచ్చినది. సౌకర్యము పెరిగినది గాని హైడ్రోమీటరు దూర్చుటకు చోటు పోయినది. కొన్నిటికి పచ్చని “కన్ను” ఒకటుండును. అది ఆరింటిలో ఒక్క ఘటము సంగతినే చెప్పును!

మరి వోల్టుమీటరున్నది గదా అందురేమో. ఆ సిరివెళ్ల కారు రెండవ సంగతి ఇక్కడనే అర్థమగును. ఊరకున్న బ్యాటరీ చూపు వోల్టులు ఆమ్లపు గాఢతనుబట్టి యుండునుగాని, పలకలో ముద్ద ఎంత మిగిలినదో వానికి తెలియదు. పూడిక చేరిన బావిలో నీటిమట్టము పైకి బాగుగనే కనబడును. నాలుగు బకెట్లు తోడగానే బురద వచ్చును. బావి సంగతి తోడిననే తెలియును. అట్లే ఇంజను లేపునప్పుడు వోల్టులు చూడవలెను. నిండుగా చార్జియైన బ్యాటరీ స్టార్టరు తిరుగుచుండగా 9.6 వోల్టులకు దిగువ పడినచో దానికి కాలము దగ్గరపడినదనుకొనవచ్చును. అంతకుముందు ధ్రువములు శుభ్రముగ నున్నవో, ఇంజను నడుచునప్పుడు ఆల్టర్నేటరు 14 వోల్టులకు అటునిటుగా ఇచ్చుచున్నదో చూచుకొనవలెను. లేనిచో ఆల్టర్నేటరు నేరమునకు బ్యాటరీ శిక్ష ననుభవించును. ఉపాధ్యాయులు దీనిని తరగతికి చూపవచ్చును గాని, చార్జి అగునప్పుడు హైడ్రోజను వెలువడునని, నిప్పురవ్వ రాకూడదని, కంటికి ఆమ్లము తగులరాదని మరువరాదు.

ఇక ఎండ. ఉష్ణోగ్రత పెరిగినకొలది రసాయన క్రియల వేగమెట్లు హెచ్చునో 1889లో అర్హీనియస్ సూత్రీకరించెను. స్థూలముగ 10 డిగ్రీలకు వేగము రెట్టింపనుకొందుము. నంద్యాల ప్రాంతమున వేసవిలో నీడలోనే 40 డిగ్రీలు దాటుట పరిపాటి. బానెట్టు క్రింద చెప్పనక్కరలేదు. చలిదేశములలో బ్యాటరీ శీతకాలమున మొరాయించును. మన బ్యాటరీ ఎండలో దెబ్బతిని, తరువాతి వానకాలపు చల్లని ఉదయమున బయటపడును. అందుచేత చలిదేశముల ఆయుర్దాయపు లెక్క మనకు పనికిరాదు. మన వైపు 3 సంవత్సరములు నిండిన బ్యాటరీని ప్రతి వేసవికి ముందు ఒకమారు, తరువాత ఒకమారు పరీక్షింపవలెనని నా అభిప్రాయము. వయస్సు చూచి పరీక్షింపవలెను, పరీక్ష చూచి మార్చవలెను. కదలని కారుకు వేరొక ఆపద కలదు. ఖాళీ బ్యాటరీని వదలివేసినచో సల్ఫేటు గట్టి స్ఫటికములై మరల కరుగదు. 2020లో దేశమంతయు నిలిచిపోయిన నెలలలో ఎందరి బ్యాటరీలో ఇట్లే పోయినవి.

ఆళ్లగడ్డ పెద్దాయన రెండవసారి మా మిత్రుని “సెల్ఫ్ కొట్టండి సార్” అనెను. 12.6 చూపుచున్న ముల్లు ఒక్కసారిగా 8కి జారినది. ఇంజను లేచినది గాని, ఆయన మీటరును మాకు చూపి ఏమియు చెప్పక లోనికి పోయి కొత్తదానిని మోసుకొని వచ్చెను. సీసము విషము గనుక పాతవానిని చెత్తలో పారవేయరాదని, తిరిగి కరగించువారికి చేర్పవలెనని 2001లోనే నియమములు వచ్చినవి. 2022లో వానికి బదులు కొత్తవి వచ్చినవి. పాతదానిని త్రాసుపై పెట్టి, దాని వెల తగ్గించి, కొత్తదాని మూతపై మేకుతో ఆ నెల, సంవత్సరము గీకి యిచ్చెను.